ఎత్తి దాటించిన సైకిళ్ళు

చలికాలమని పేరేగానీ ఆ శనివారం మధ్యాహ్నం ఎండ అప్పుడే ఆరిన దుప్పటిలా వెచ్చగా, తేలిగ్గా ఉంది. ఆస్పత్రి లాండ్రీలో రెండింటి గంట మోగీ మోగకముందే రోలరక్క కోటు విప్పి నడుముకి చుట్టుకుంది. సైకిలు స్టాండు తన్ని, "వదినా, వస్తున్నావా, ఇక్కడే కాపురం పెడతావా?" అని కేకేసింది.

"ఉండవే మరదలా! నీకేం, రెండు కాళ్ళూ నీవే. నాకు ఒకటి నాది, ఒకటి డాక్టరుది" అంటూ వదిన కుంటుకుంటూ వచ్చింది.

రోలరక్కకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉందిగానీ అది జీతం చీటీ మీదే బతుకుతోంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని పెద్ద రోలరు దగ్గర. తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, ముడతలు లేకుండా లాగి, ఆవిరితో కాగే ఆ ఇనుప డొల్ల నోటికి అందించాలి. అవతలి వైపు అది అట్టలా పొడిగా వస్తుంది. పూటకి తొమ్మిది వందల దుప్పట్లు. ఊళ్ళో సగంమంది పుట్టింది ఆమె చేతుల్లోంచి వెళ్ళిన దుప్పట్ల మీదే. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు.

లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది సబ్బు గురించి కాదు, గొట్టం గురించి. నేలమీద అటూ ఇటూ ఆవిరి గొట్టాలు పాకి ఉంటాయి. తోపుడు బండి తెచ్చి గొట్టం మీదికి ఎక్కించావా, గొట్టం చీలిందంటే ఎవరో ఒకరి కాళ్ళు ఉడికిపోతాయి. అందుకని గొట్టం కనిపిస్తే బండి ఆపాలి, ఎత్తాలి, అవతల దించాలి. ఎంత తొందరున్నా సరే. ఈ పాఠం రోలరక్కకి ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో నేలమీద ఫోను ఛార్జరు వైరు పడున్నా చీపురు ఎత్తి అవతల పెట్టి ఊడుస్తుంది.

సైకిలు నేర్చుకుంది నలభై తొమ్మిదో ఏట. లాండ్రీ వెనక బట్టలారేసే పెరట్లో, దుప్పట్ల వరసల మధ్య. బ్రేకు ఎక్కడుందో చేతికి తెలియని ఆ మొదటి వారంలో ఎన్ని తడి దుప్పట్లలోకి దూసుకెళ్ళిందో లెక్కలేదు. బొమ్మలా చుట్టుకుపోయి, లోపల్నించి "ఎవరైనా విప్పండే!" అని అరిచేది. ఇంటాయన మంగలి షాపులో కూర్చుని, "మా ఆవిడ సైకిలు నేర్చుకుంటోంది, మీరంతా రోడ్డు పక్కకి జరగండి" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె ఇంకో ముప్పైమందికి నేర్పింది. ఇంటాయన జోకు మార్చుకోవాల్సి వచ్చింది.

అంత పట్టుదల సరదా కోసం పుట్టింది కాదు. అప్పటికి ఏడాది ముందు, తెల్లారగట్ల అయిదుంబావుకి, ఫుట్‌పాతనేదే లేని పెద్ద రోడ్డు అంచున నడిచి వస్తున్న వదినని పాల వ్యాను కొట్టేసి పోయింది. ఆ వేళకి బస్సులుండవు. ఆస్పత్రికి ఆరింటికల్లా ఉతికిన దుప్పట్లు కావాలి, వాటిని ఉతికేవాళ్ళు ఎలా వస్తారన్నది ఎవరికీ అక్కర్లేదు. వదిన మోకాల్లో ఇనుప పలక వేశారు. దూరం నడక పోయింది. చిత్రంగా, సైకిలు మాత్రం తొక్కగలిగేది. ఆ తర్వాత ఊరి మధ్యగా పారే వాగు గట్టున సైకిలు దారి వేశారు. లాండ్రీ వెనక మొదలై, పెద్ద వంతెన కిందుగా దూరి, వాళ్ళ పేట పక్కనుంచి ఎక్కడికో పైకి పోయే దారి. ఒక్క లారీ రాదు, ఒక్క హారను వినిపించదు. వాగు వాసన కొడితే కొట్టనీ, ప్రాణం నిలబడుతుంది.

ఆ దారి మొదలైన రోజే వదిన తేల్చి చెప్పింది. "నాకు ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. ఈ దారుంటే చేస్తా. మళ్ళీ ఆ రోడ్డెక్కమంటే మాత్రం పింఛనొద్దు, ఏమొద్దు, ఇంట్లో కూర్చుంటా." వదిన మాటంటే మాటే. ఆమెకి ఆ జీతం తప్ప వేరే ఆధారమూ లేదు.

ఇద్దరూ ఆ మధ్యాహ్నం అందరికంటే ముందు బయల్దేరారు. గట్టు మీద ఎండ సగం, నీడ సగం. కుడివైపు దుకాణాల వెనక గోడలు, ఎడమవైపు వాగులో మోకాటిలోతు నీళ్ళు, నీళ్ళలో ధ్యానంగా నిలబడ్డ కొంగలు. పది నిమిషాల్లో వంతెన కిందికొచ్చారు. అక్కడ దారికి అడ్డంగా, బొటనవేలంత లావు నల్ల రబ్బరు గొట్టం మేకులతో బిగించి ఉంది. దాని కొస వంతెన స్తంభానికి గొలుసేసి కట్టిన రేకు పెట్టెలోకి పోతుంది. పోయిన ఆదివారం పొద్దున పుట్టుకొచ్చింది.

రోలరక్క దిగింది. తన సైకిలు ఎత్తి అవతల పెట్టింది. వెనక్కొచ్చి వదిన సైకిలూ ఎత్తి పెట్టింది. వదిన గొట్టాన్ని జాగ్రత్తగా దాటింది.

"ఏంటమ్మా, మీరు చేస్తున్నదేంటి?"

స్తంభం పక్కన మడత కుర్చీలో ఒకాయన. పెట్టె మూత తీసి కాగితాల మీద ఏదో రాసుకుంటున్నాడు. వారం నుంచీ ఆయన వచ్చేది పదింటికి, పోయేది ఒంటిగంటకి. వీళ్ళ కంట పడింది ఇవాళే.

"చూళ్ళేదా బాబూ? దాటుతున్నాం."

"తొక్కుకుంటూ వెళ్ళచ్చుగా?"

"అయ్యో, పాడైపోదూ! మీ ఆఫీసు వస్తువు కదా" అంది రోలరక్క. కాస్త గర్వంగానే చెప్పింది. "ఒక్కళ్ళు తొక్కలేదు తెలుసా? పెట్టిన రోజే నేనిక్కడ నిలబడి మా వాళ్ళందరికీ చెప్పా. ఎత్తండి, ఎవరూ చక్రం పెట్టద్దు అని. రోజూ నలభై ఒక్కమందిమి, పోను ఒకసారి, రాను ఒకసారి. ఒక్క చక్రం తగల్లేదు."

లెక్కలాయన నవ్వబోయి ఆగిపోయాడు. చేతిలో కాగితం చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"అమ్మా, ఇది లెక్కపెట్టే గొట్టమమ్మా. చక్రం పడితేనే లెక్క."

"దేని లెక్క?"

"ఈ దారిలో రోజుకి ఎంతమంది సైకిలు మీద పోతున్నారో. సగటున వంద దాటితే దారి ఉంటుంది. దాటకపోతే ఒకటో తారీకు నుంచి మూసేసి, ఈ వంతెన కింద జాగా ఆ పక్క కాంప్లెక్సు వాళ్ళకి పార్కింగుకి ఇచ్చేస్తారు. నోటీసు పెట్టారుగా."

"ఎక్కడ పెట్టారు?"

"ఆఫీసు గోడకి."

రోలరక్క కాగితం లాక్కుని చూసింది. పావుగంట పావుగంటకీ అంకెలున్నాయి. పొద్దున ఎనిమిదికి తొమ్మిది, సాయంత్రం అయిదుకి పదకొండు, షికారుకొచ్చేవాళ్ళవి. రోజుకి ముప్పైకి అటూ ఇటూ. తెల్లవారుజామున అయిదున్నర గడిలో సున్నా. మధ్యాహ్నం రెండుంబావు గడిలో సున్నా. వారం పొడుగునా సున్నా కింద సున్నా, గుండీల వరసలా.

నలభై ఒకటి రెండుసార్లు ఎనభై రెండు. దానికి ఈ ముప్పై. నూట పన్నెండు! దారి నిలిచేది. నిలిచే దారిని ఆమె చేజేతులా, వారం రోజులపాటు రెండు పూటలా ఎత్తి అవతల పారేసింది. ఒళ్ళంతా రోలరు పక్కన నిలబడ్డట్టు వేడెక్కిపోయింది.

"నా వల్లే వదినా" అంది.

"ముందు ఏం చేయాలో చూడు. తిట్టుకోవడానికి తర్వాత నేను సాయం చేస్తా" అంది వదిన.

లెక్కలాయన తమ ఇంజినీరు మేడమ్‌కి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. "మీటింగు కాగితాల్లో మునిగుంటుంది. ఫోనెత్తినా టెంపరరీ గాణ్ణి, నా మాటెవరు వింటారు? మూడింటికి రిపోర్టు మీద సంతకం పెట్టేసి వెళ్ళిపోతుంది. వాగు పైచివర పంపుహౌసు ఆఫీసు. అయిదు కిలోమీటర్లుంటుంది."

టైము రెండూ ఇరవై మూడు.

"పోయి చెప్తే నమ్ముతుందా? ఆఖరి రోజొచ్చి కట్టుకథ చెప్తున్నారంటుంది" అంది వదిన.

రోలరక్క కళ్ళు నేలమీద పడ్డాయి. రెండు వారాల కిందట ముసురు పట్టినప్పుడు వాగు పొంగి వంతెన కింద మెత్తటి ఒండ్రు పరిచిపోయింది. ఎండ తగలని చోటు కాబట్టి ఇంకా పిండిముద్దలా ఉంది. దాని మీద టైర్ల గీతలు పడి ఉన్నాయి. కొన్ని మాత్రమే గొట్టం మీదుగా సూటిగా పోయాయి. మిగతావన్నీ గొట్టానికి జానెడు దూరంలో ఠక్కున తెగిపోయి, అవతల జానెడు దూరంలో మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో చెప్పుల అడుగులు. ఒకదాని మీద ఒకటి, వందల అడుగులు.

"వదినా! ఇక్కడ కూర్చో. ఎవర్నీ దీని మీద కాలు పెట్టనీకు. మన వాళ్ళొస్తే గొట్టానికి ముందే ఆపెయ్యి. నే వచ్చేదాకా కదలద్దు!"

వదిన లెక్కలాయన కుర్చీ ఆయన అనుమతి లేకుండానే లాక్కుని దారి మధ్యలో వేసుకుంది. రోలరక్క పెడలు మీద కాలేసింది.

రెండేళ్ళుగా ఆమె ఈ దారిలో తిరిగింది రెండున్నర కిలోమీటర్లే. పేట మలుపు రాగానే దిగిపోవడం, వంటింట్లో పడటం. ఆ మలుపు దాటి దారి ఎటు పోతుందో ఏనాడూ చూడలేదు. ఇవాళ మలుపు వచ్చింది, అలవాటు కొద్దీ హ్యాండిలు కుడికి లాగబోయింది, "కాదే!" అని తనకి తానే చెప్పుకుని సూటిగా తొక్కేసింది.

ఎంత దారో! గట్టు కొంచెం ఎత్తెక్కి, ఒక్కసారిగా వంపు తిరిగి జారిపోయింది. గాలి చెవుల్లో ఈల వేసింది. కడుపులో ఏదో లేచి గొంతుదాకా వచ్చి నవ్వయిపోయింది. ఇంత తొందరలో, ఇంత భయంలో నవ్వేమిటని సిగ్గేసింది కూడా. అయినా ఆగలేదు. ఎవరో బడిగోడకి పొడవునా చేపల బొమ్మలు వేశారు. ఆమె ఎంత వేగంగా తొక్కితే అవి అంత వేగంగా ఈదాయి. ఒకచోట వాగు రాళ్ళ మీద దూకుతోంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. తమ పేట దగ్గర నల్లగా కంపు కొట్టే వాగూ ఇదేనా? పైన ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని కిందికొచ్చేసరికి అలా ఎవరు చేశారు? దారి పక్క వరసగా గొట్టాలు నోళ్ళు తెరిచి కనిపించాయి. ఒక్కోదాని వెనక ఒక్కో పెద్ద భవనం. సరే, వీళ్ళ సంగతి తర్వాత అనుకుంది. ఒక పని మీద వెళ్తే ఇంకో పని దొరకడం ఆమెకి కొత్త కాదు.

"జరగండి, జరగండి! బ్రేకు వేయను!" అని అరుస్తూ ఇద్దరు నడిచేవాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన, "ఎవరు తరుముతున్నారమ్మా?" అన్నాడు. "మూడు గంటలు!" అని వెనక్కి చూడకుండా జవాబిచ్చింది.

మూడో కిలోమీటరు రాయి దగ్గర మొక్కల నర్సరీవాడు దారికడ్డంగా నీళ్ళ గొట్టం పరిచి ఉంచాడు. రోలరక్క టక్కున ఆగింది. దిగింది. సైకిలెత్తి అవతల పెట్టింది. ఎక్కబోతూ గుర్తొచ్చి నుదురు కొట్టుకుంది. "నన్నెవరూ బాగుచేయలేరు" అని పైకే అని, పోయిన అర నిమిషాన్ని పట్టుకోవడానికి లేచి నిలబడి తొక్కింది.

పంపుహౌసు ఆఫీసు గది తలుపు తోసేసరికి గోడ గడియారం మూడుకి నాలుగు నిమిషాలు తక్కువ. ఇంజినీరు మేడమ్ పెన్ను మూత తీసి ఉంది. నలభై ఏళ్ళుంటాయి, అలసిన మొహం.

"సంతకం పెట్టకండి మేడమ్!" అంది రోలరక్క, రొప్పుతూ. తర్వాత ఊపిరి దొరికినప్పుడల్లా ఒక ముక్క చొప్పున సంగతంతా చెప్పింది.

మేడమ్ నమ్మలేదు. "సైకిలు దారిలో సైకిలు ఎత్తుకుని నడిచేవాళ్ళుంటారా? అదీ వారం రోజులు?"

"మేం ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాం మేడమ్. ఆవిరి గొట్టం తొక్కితే మనుషులు ఉడికిపోతారు."

"మరి నోటీసులో రాశాం కదా."

"మీ గోడకి రాసుకున్నారు. మా గేటుకి అంటిస్తే చదివేవాళ్ళం, మాకూ చదువొచ్చు. తెల్లారి అయిదున్నరకి ఊళ్ళో ఎవరు తిరుగుతారని మీరనుకున్నారు? మేమే తిరుగుతాం. అరగంట రండి. చూశాక కూడా మూసేయాలనిపిస్తే మూసేయండి, తాళం కప్ప నేనే కొనుక్కొచ్చి ఇస్తా."

మేడమ్ పెన్ను మూత పెట్టింది. "శనివారం ట్రాఫిక్కులో కారు మీద గంటన్నర పడుతుంది."

"గట్టు మీద అరగంట."

వరండాలో ఆఫీసు నంబరు రాసిన తనిఖీ సైకిలుంది. దాని సీటు మీద దుమ్ము వేలితో పేరు రాసేంత. మేడమ్ దానివైపు చూసిన చూపులోనే రోలరక్కకి అంతా తెలిసిపోయింది.

"ఈ దారి మీరే కదా వేయించింది? ఎప్పుడూ తొక్కలేదా?"

"సైకిలెక్కి పద్దెనిమిదేళ్ళయింది."

"నేను నేర్చుకున్నదే నలభై తొమ్మిదికి. ఎక్కండి, పడితే నేనున్నా. ఎలా పడాలో కూడా నేర్పుతా."

మొదటి పావు కిలోమీటరు మేడమ్ గట్టు కొలతలన్నీ హ్యాండిలుతో కొలిచింది. "కింద చూడకండి మేడమ్, ముందుకి చూడండి! చేతులు బిగించకండి, అది పారిపోదు!" అని రోలరక్క పక్కనే అరుస్తూ వచ్చింది. బడిగోడ చేపల దగ్గరికి వచ్చేసరికి మేడమ్ చక్రం కుదురుకుంది. ఆ మిట్ట ఎక్కి ఇవతలికి జారేటప్పుడు ఆమె గొంతులోంచి కూడా ఒక కేక వచ్చింది. అది ఇంజినీరు కేక కాదు.

వంతెన కింద వదిన కుర్చీలో మహారాణిలా కూర్చుని ఉంది. ఆమె వెనక గట్టు పొడవునా లాండ్రీ ఆడవాళ్ళు సైకిళ్ళు ఆనించి కూర్చుని ఉన్నారు. కుక్కని పట్టుకున్న ఒకాయన్ని వదిన గదమాయిస్తోంది. "అయ్యా, ఆ అంచునుంచి పోండి. మీరు తొక్కబోతున్నది మట్టి కాదు, మా సంతకాలు."

మేడమ్ సైకిలు దిగి, ఒండ్రు పక్కన గొంతుక్కూర్చుంది. తెగిన గీతల్ని చూసింది. వేలు పెట్టి దూరం కొలిచింది.

అప్పుడే వెనకనుంచి గంట మోగింది. మడతల సెక్షను పొడుగామె ఒక బుట్ట బట్టలు మిగిలిపోయి ఆలస్యంగా బయల్దేరింది. ఇక్కడ జరిగినదేమీ తెలియదు. ఇంతమంది ఎందుకు కూర్చున్నారో అడగడం తర్వాత అనుకుందేమో, అలవాటుగా గొట్టం ముందు దిగింది, సైకిలెత్తింది, వదిన కుర్చీని చుట్టుకుని అవతల దించింది. అప్పుడు తలెత్తి, "ఏంటే, ఎవరైనా పోయారా?" అంది.

నలభైమంది ఒక్కసారి గొల్లుమన్నారు. మేడమ్ కూడా నవ్వేసింది. నవ్వుతూనే బ్యాగులోంచి రిపోర్టు తీసి, కుర్చీ చేతి మీద పెట్టుకుని, మొదటి పేజీలో ఉన్న సగటుని అడ్డంగా కొట్టేసింది. దాని కింద రాసి, పైకే చదివింది: "ఈ లెక్క చెల్లదు. ఇంకో ఏడు రోజులు లెక్కించాలి. నోటీసు లాండ్రీ గేటు దగ్గర పెద్ద అక్షరాల్లో పెట్టాలి." సంతకం పెట్టింది. "నేను చేయగలిగింది ఇంతే. వచ్చే వారం మీ చక్రాలే చెప్పాలి."

"అయితే ఇప్పట్నించే చెప్తాయి. అందరూ తొక్కండి!" అంది వదిన.

ఎవరూ కదల్లేదు. సైకిళ్ళు పట్టుకుని గొట్టం ముందు వరసగా నిలబడ్డారు. అందరూ రోలరక్క వైపు చూశారు. తొక్కద్దన్నది ఆమె. ముందు తొక్కాల్సిందీ ఆమే.

ఆమె పక్కనుంచి సైకిలు నడిపించుకుని లాండ్రీ వైపుకెళ్ళి ఎక్కింది. నాలుగు తొక్కులు తొక్కింది. గొట్టం దగ్గరికి రాగానే కాలు దానంతట అదే నేలకి ఆనింది. చక్రం జానెడు దూరంలో ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇరవై రెండేళ్ళ భయం ఒక కాగితం ముక్కతో పోతుందా? మళ్ళీ వెనక్కెళ్ళింది. ఈసారి కళ్ళు మూసుకుంది.

టక్. టక్.

"రెండొందల పన్నెండు!" అని లెక్కలాయన పెట్టెలో వారం మొత్తం చూసి అరిచాడు, తనకే బహుమతి వచ్చినట్టు.

తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు. టక్ టక్. టక్ టక్. లెక్కలాయన గొంతు బొంగురుపోయేలా అంకెలు అరుస్తున్నాడు. "ఏయ్ పొడుగుదానా, నువ్వు వెనక్కెళ్ళి మళ్ళీ రా, నువ్వింకా లెక్కలో పడలేదు!" అని వదిన పురమాయించింది. ఎవరో, "అక్కా, ఇంకో రౌండు కొడదామా? ఎవరు చూస్తారు?" అన్నారు.

"ఒక్కసారే. ఇంటికి పోయేది ఒక్కసారేగా?" అంది రోలరక్క. "ఉన్నంతమందిమి కనబడితే చాలు. అబద్ధం కలపక్కర్లేనంత మందిమి ఉన్నాం."

చివరికి, తన సైకిలూ లాండ్రీ వైపుకి తెప్పించుకుని, వదిన మిగిలింది. రోలరక్క చేతులు వాటంతటవే ఆమె సైకిలు వైపు వెళ్ళాయి.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది" అంది వదిన. "వారం మోశావు, చాల్లే. ఆ మోసిన బరువుకి రాత్రికి నా చేత కాళ్ళు పట్టించుకుంటావేమో అని హడలిపోతున్నా."

డాక్టరు కాలు పెడలు మీద పెట్టి, సొంత కాలితో నేలని ఒక్క తన్ను తన్నింది. సైకిలు ఊగింది, నిలదొక్కుకుంది, ఒండ్రు మీద తెగకుండా ఒక్కటే గీత గీసుకుంటూ పోయింది.

టక్. టక్.

"రెండొందల యాభై రెండు!"

"నన్ను రెండుసార్లు కొట్టిందా, ఒకసారా?" అని వదిన వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఒకసారే!"

"ఒక్కసారి చాలు. రేపు పొద్దున అయిదున్నరకి మళ్ళీ వస్తున్నానని దానికి చెప్పు!"